వేసవి గంట

1987 ఏప్రిల్ 2, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ముప్పై నిమిషాలు. ఈ తేదీని, ఈ వేళను నా డైరీలో చూసి రాస్తున్నాను. జ్ఞాపకం మీద ఆధారపడి రాయదగిన విషయం కాదు ఇది.

అప్పుడు నేను జహీరాబాదు ఇంకా రాకముందు బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక చిన్న గేర్ల కర్మాగారంలో టైమ్ ఆఫీసు గుమాస్తాను. హాజరు, షిఫ్టులు, ట్రంకు కాల్ బుకింగులు నా పని. అంతకు ముందటి సంవత్సరం ఆఫీసుకు ఒక కంప్యూటరు వచ్చింది. హైదరాబాదు ఇంజనీరు ఒకాయన అందులో ఒక ప్రోగ్రాము ఎక్కించి వెళ్ళాడు. వచ్చే వారం ఏ దేశం వారితో ఎప్పుడు మాట్లాడాలో అది అచ్చు వేసి ఇచ్చేది. ఒక వరుసలో వాళ్ళ వేళ, పక్క వరుసలో మన వేళ. అందుకోసం ప్రతి దేశానికి మూడు గడులు నింపాలి. మొదటి గడిలో మనకూ వాళ్ళకూ ఉన్న తేడా: దుబాయికి గంటన్నర, పశ్చిమ జర్మనీకి నాలుగున్నర గంటలు వేశాను. తక్కిన రెండు గడులు వేసవి గంటవి. అది ఏ తేదీన మొదలవుతుంది, ఏ తేదీన ముగుస్తుంది అన్నవి వాటిలో వేయాలి. వేసవి గంట అంటే ఏమిటో నాకు తెలియదు. ఆ ఇంజనీరును అడిగితే, "జర్మనీ వాళ్ళనే అడిగి వేయండి" అన్నాడు.

మాకు యంత్రాలు అమ్మిన జర్మనీ కంపెనీకి టెలెక్స్ పంపించాం. మార్చి 29 నుంచి సెప్టెంబరు 27 వరకు తమ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతామని జవాబు వచ్చింది.

ఇక్కడ మా గేటు మీది గడియారం గురించి చెప్పాలి. అది ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. కార్మికులను తొందరపెట్టడానికి ఎవరో పాత మేనేజరు పెట్టిన పద్ధతి అది. ఆ సంగతి తెలియని మనిషి లేడు. అది ఎనిమిది చూపితే ఇంకా పది నిమిషాలున్నదని లెక్కవేసుకుని, రోడ్డవతల బీడీ పూర్తి చేసుకుని లోపలికి వచ్చేవారు. హాజరు పుస్తకంలో నేనూ నా చేతి గడియారం వేళే వేసేవాణ్ణి. గడియారాన్ని ఎంత జరిపినా వేళ జరగదన్నది మా అందరికీ అలవాటైన లెక్క.

టెలెక్స్ చదివి మేనేజరు నవ్వాడు. బీదరు వైపు మనిషి ఆయన.

"మన దగ్గర పది నిమిషాలు పెడితేనే గింత లొల్లి. వాళ్ళు గంట పెడుతున్నరు. ఆ దొరలకు నిద్ర జాస్తి ఉన్నట్టుంది."

"ఈ గడులలో ఏం వేయమంటారు?" అని అడిగాను.

"గడియారం ముందు పెట్టుకుంటే పెట్టుకోని. అసలు టైం మారుతదా? సున్నా కొట్టు."

నాకూ అదే సబబు అనిపించింది. రెండు గడుల్లోనూ సున్నాలు వేశాను.

ఆ గురువారం నాటి కాల్ మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంది. ఝరాసంగం వైపు నుంచి వచ్చే ఆపరేటరు అతను, పదకొండేళ్ళ సర్వీసు. గేరు పళ్ళు కోసే యంత్రంలో ఇరుసు విరిగింది. అతను అడ్డదిడ్డంగా నడిపినందువల్లే విరిగిందని అభియోగం. విరిగిన ముక్కను జర్మనీకి పంపించాం. అక్కడి ఇంజనీరు తమ వేళ ప్రకారం ఉదయం పది గంటలకు ఫోను దగ్గర ఉండి తన అభిప్రాయం చెబుతానన్నాడు. ఆ వెంటనే ఆయన ఊరు వెళ్ళాలి, రెండు వారాల దాకా దొరకడు. ఇక్కడ విచారణ అదే రోజు నాలుగు గంటలకు. కంప్యూటరు కాగితం మీద జర్మనీ పది ఎదురుగా మన రెండున్నర అచ్చయింది. నేను రెండున్నరకే కాల్ బుక్ చేశాను.

ఆపరేటరు ఒంటిగంట నుంచే నా గది ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"సార్, టైం ఠీక్ ఉన్నదా? జర చూడున్రి."

"మిషన్ లెక్క వేసింది తమ్మీ. నేనూ సరిచూశాను."

"మిషన్ మీద భరోసా లేదు సార్. మిషన్ వల్లనే గిట్ల కూసున్న."

రెండూ నలభైకి లైను కలిసింది. అవతల ఒక స్త్రీ గొంతు. ఇంజనీరు పది నుంచి పదిన్నర దాకా ఫోను పక్కనే కూర్చుని, మా కాల్ రాక రైలుకు వెళ్ళిపోయాడని చెప్పింది. ఇప్పుడు అక్కడ వేళ ఎంత అని అడిగాను. పదకొండూ పది అన్నది.

వాళ్ళు గడియారంతోపాటు పనినీ, రైలునూ, మనుషులనూ ఒక గంట ముందుకు జరుపుకున్నారని అప్పుడు అర్థమైంది. తేడా ఇప్పుడు నాలుగున్నర కాదు, మూడున్నర గంటలే. ఇంజనీరు ఎదురుచూసిన ఆ అరగంట మాకు ఒకటిన్నర నుంచి రెండు దాకా. ఆ అరగంటా ఆపరేటరు నా ఎదుటే కూర్చుని ఉన్నాడు. ఫోను నా చేతికందేంత దూరంలో ఉంది.

కాల్ గంట ఆలస్యమైందని ఆపరేటరుకు చెప్పి, మేనేజరు వద్దకు వెళ్ళి విచారణ వాయిదా వేయమన్నాను.

"రెండు సార్లు వేసినం. పైవాళ్ళు నన్ను తింటున్నరు. కాల్ కలవలేదని రాసుకుంట."

అలాగే రాశారు. సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలకు ఆపరేటరును పనినుంచి తొలగించిన కాగితం నేనే టైపు చేశాను.

మే 11న ఇంజనీరు ఉత్తరం వచ్చింది. లోహంలో మొదటినుంచీ పగులుందనీ, నడిపినవాని తప్పు లేదనీ రాశాడు. మేనేజరు అది చదివి, "ఫైలు మూసినం గదా" అని డ్రాయరులో పెట్టాడు. నేను నకలు తీసి ఆపరేటరుకు కబురు పంపాను. మరునాడు గేటు దగ్గరికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చెరకు బండ్ల మీద పనికి పోతున్నానన్నాడు.

"దీన్ని పట్టుకొని సంగారెడ్డికి పోత సార్, లేబర్ ఆఫీసుకు. విచారణ నాడే ఈ మాట ఎందుకు చెప్పలేదని అడుగుతరు. ఫోన్ గంట లేటు చేసింది మేమేనని మీరు ఒక్క ముక్క రాసియ్యున్రి."

కలం తీశాను. ఆ ముక్క రాస్తే సున్నాలు వేసిన చేయి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది నా చేయి. నకలు అడుగున, ఉత్తరం అందిన తేదీ 11-5-1987 అని వేసి సంతకం చేశాను.

అతను రెండుసార్లు చదువుకున్నాడు.

"తారీఖు ఒక్కటే ఏసిన్రు సార్."

"తారీఖు సరిగ్గానే ఉంది తమ్మీ."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంగారెడ్డి బస్సు రోడ్డుకు అవతలి వైపు ఆగుతుంది. అతను రోడ్డు దాటలేదు. ఇవతలే, ఇంటికి పోయే ఝరాసంగం జీపు కోసం నిలబడ్డాడు.