కూర్మారావు ఆ రోజు తొందరపడలేదు

2023 వానాకాలం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర నాకు కంప్యూటర్ల దుకాణం ఉంది. వెనక గదిలో ఫ్లయిట్ సిమ్యులేటర్లు బిగించి, పాత యుద్ధవిమానాలతో ఆన్‌లైన్‌లో పోరాడడం నేర్పుతాను. మాదొక చిన్న జట్టు. దానికి లీడర్ని నేనే.

విమానాల ముఖాముఖి పోరును డాగ్‌ఫైట్ అంటారు. కొత్తవాళ్లు శత్రువు వెనక గిరగిరా తిరిగి వేగం పోగొట్టుకుంటారు. మేము నేర్పేది ఎనర్జీ ఫైటింగ్. సాలిహుండం కొండ వాలులో సైకిల్ వదిలేస్తే, ఆ ఊపుతో అవతలి మిట్ట కొంతదూరం తొక్కకుండానే ఎక్కేస్తుంది. విమానానికీ అంతే. ఎత్తును వేగంగా, వేగాన్ని ఎత్తుగా మార్చుకోవచ్చు. ఈ రెండూ కలిపి ఎవరి దగ్గర ఎక్కువుంటే పోరు వాళ్ల చేతిలో ఉంటుంది. అందులో 'రోప్' అనే ఎత్తుగడ ఒకటి ఉంది. వెంటపడే శత్రువు వేగం తక్కువని తెలిస్తే నిటారుగా పైకి లేస్తాం. వాడు ఆశపడి వెనకే ఎక్కుతాడు, మనకంటే ముందు వేగం చచ్చి గాల్లో వేలాడతాడు. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు తిరగబడి వాడి మీదకు దిగుతాం. లెక్క తప్పితే వేలాడేది మనమే.

కూర్మారావుది నరసన్నపేట. అన్నదమ్ములిద్దరూ ఎరువుల దుకాణం నడిపేవారు. కిడ్నీలు పాడయ్యాక దుకాణం అన్నకు వదిలేసి, రోజు విడిచి రోజు డయాలసిస్‌కు వెళ్లేవాడు. వాళ్ల మేడ మీద గదిలో సిమ్యులేటర్ బిగించింది నేనే. సూదులు గుచ్చే ఎడమ చేతి మీద ఒత్తిడి పడకూడదు. విమానంలో ఇంజను జోరు పెంచే థ్రాటిల్ ఉండేదేమో ఎడమ వైపే. వేలితో తాకితే కదిలేలా దాని బిగువు తగ్గించి, ముంజేతి కింద మెత్త పెట్టాను.

"కూర్మం అంటే తాబేలు కాదేటి మేస్టారూ? తాబేలు ఎగరడం ఎక్కడైనా సూసినారా?" అని నవ్వాడు మొదటి రోజు.

ఎనర్జీ సంగతి వివరించబోతే ఆపేశాడు. "ఇది నాకు కొత్త కాదు. డయాలసిస్ అయిన రోజు ఈ మెట్లెక్కితే మరి సాయంత్రం దాకా లెగలేను. ఎంతున్నాదో సూసుకొని వాడుకోవాల. అంతే కదా?"

అంతే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆ లెక్క అంత త్వరగా పట్టుకున్నవాడు మరొకడు లేడు.

అన్నకు మాత్రం ఈ పని గిట్టేది కాదు. "నలభై దాటినోడివి, పిల్లలాట ఏట్రా? ఆ గదిలో బస్తాలు పడతాయి" అనేవాడు. ఇది ఆట కాదు, విద్య అని అన్న చేత ఒప్పించాలని కూర్మారావు పంతం. మేము ఒక ఆన్‌లైన్ పోటీలో ఫైనల్‌కు వచ్చినప్పుడు, దుకాణంలో కూర్చుని ఫోన్‌లో చూడమని అన్నను ఒప్పించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మా నలుగురిలో ఇద్దరు కూలిపోయారు. కూలినవాళ్ల మాట ఆడేవాళ్లకు వినబడకూడదని వాళ్లను వేరే చానెల్‌కు పంపడం నియమం. మిగిలింది కూర్మారావు, నేను. అటువైపు ఒక్కడే. వాడు మబ్బు కింద నుంచి కూర్మారావు తోక వెనక్కు చేరాడు. ఆ విమానంలో తోక కింద ఏముందో నడిపేవాడికి కనబడదు. పైనుంచి చూసి చెప్పాల్సింది నేను.

"కూర్మా, పైకి లెయ్యి. రోప్. వాడు బాగా కింద ఉన్నాడు, స్పీడు లేదు" అన్నాను.

"మేస్టారూ, స్పీడుంటాది. మబ్బులో దూరినప్పుడు శానా ఎత్తులో ఉన్నాడు. అక్కడి నుంచి దిగి వస్తన్నాడు."

"చెప్పింది చెయ్యవయ్యా!"

చేశాడు. శత్రువు ఏమాత్రం ఊపు తగ్గకుండా వెనకే ఎక్కాడు. పైన వేలాడుతున్న కూర్మారావును కాల్చి, తర్వాత నన్నూ పడగొట్టాడు.

ఆట అయ్యాక డీబ్రీఫ్ ఉంటుంది. రికార్డయిన ఆట మళ్లీ చూస్తూ ఎవరి తప్పు వాళ్లు చెప్పుకోవడం. ముందుగా లీడర్ చెప్పాలి. ఆ ఆనవాయితీ పెట్టింది నేనే. రికార్డులో విమానాలు కనబడతాయి, మాటలు వినబడవు. కూర్మారావు విమానం ఉన్నట్టుండి పైకి లేవడం అందరూ చూశారు. "అంత తొందరేటి గురూ!" అని ఒకడు నవ్వాడు. నా వంతు వచ్చింది. భోగాపురం దగ్గర సిమ్యులేటర్ శిక్షణ హాలు పెట్టాలనుకుంటున్న ఒకాయన ఆ ఆటతో పాటు డీబ్రీఫ్ కూడా ఆన్‌లైన్‌లో చూస్తున్నాడు. శిక్షకుడి పనికి నన్ను అనుకుంటున్నాడని నాకు తెలుసు.

"వాళ్లు బాగా ఆడారు" అన్నాను.

 నేను ఇంకేమైనా అంటానని కూర్మారావు చూశాడు. తర్వాత తన వంతుకు, "నాకు సెప్పడానికేటీ లేదు" అన్నాడు.

మర్నాడు ఫోన్ చేశాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "మేస్టారూ, మీరు ఎక్కమంటేనే ఎక్కినానని నేను సెప్తే మా అన్న నమ్మట్లేదు. 'అదే నిజమైతే ఆయన ఒప్పుకోడేటి?' అంటన్నాడు. జట్టోళ్లకి సెప్పకపోయినా పర్లేదు. మా అన్నకి ఒక్క మాట సెప్పండి."

"చూద్దాంలే" అన్నాను. చెప్పలేదు. మళ్లీ అతను అడగలేదు, ఆటకు రాలేదు. జట్టులో మాత్రం అతని పేరు మిగిలింది. తెలివిలేకుండా నిటారుగా ఎక్కి స్టాలయితే 'కూర్మా కొట్టాడు' అనేవారు. నేను ఆపలేదు. భోగాపురంలో ఆ హాలు ఇంతవరకు లేవలేదు.

చలికాలంలో కూర్మారావు పోయాడు. పరామర్శకు వెళ్తే మేడ మీద గదిలో యూరియా బస్తాలున్నాయి. వాటి సందులో నేను బిగించిన కుర్చీ. దాని పక్కన నిలబడి అతని అన్నకు జరిగింది చెప్పాను. ఆయన బస్తా మీద చెయ్యి ఆనించి విన్నాడు.

"నిజమేనేటి?" అన్నాడు. మళ్లీ, "నేను ఆడిని అబద్ధాలకోరన్నాను మేస్టారూ. ఇప్పుడు ఎవుడికి సెప్పుకోవాల?" అన్నాడు.

 తర్వాత జట్టుకూ చెప్పాను. "పోనీండి మేస్టారూ, ఆటే కదా" అన్నారు.

శత్రువు ఎత్తు కంటికి కనబడుతుంది, వేగం కనబడదు. వాడు అంతకుముందు ఎక్కడ ఉన్నాడో గుర్తుంటేనే తెలుస్తుంది. కూర్మారావుకు గుర్తుంది, నాకు లేదు. విద్యలో నా తప్పు అంతే, అది ఎవరికైనా జరుగుతుంది. డీబ్రీఫ్‌లో నేను చేసింది మాత్రం ఎవరికైనా జరిగేది కాదు. ఇప్పుడు మా మాటలు కూడా రికార్డు చేయిస్తున్నాను. డీబ్రీఫ్‌లో నా తప్పు చెప్పకుండా మరొకరిని నోరు తెరవనివ్వను.

మొన్నామధ్య విజయనగరం నుంచి వచ్చే బ్యాంకు ఉద్యోగి ఒకాయన పైకి ఎక్కి స్టాలయ్యి, "కూర్మా కొట్టీసినాను మేస్టారూ" అని నవ్వాడు.

"కూర్మా అంటే ఏమిటో తెలుసా?"

"ఏటో స్టాల్ పేరు కాదేటి?"

ఆట ఆపి అంతా చెప్పాను. ఆయన విమానం తిప్పే స్టిక్ మీంచి చెయ్యి తీసేశాడు. "అయితే దానికి మీ పేరు పెట్టాల కదా మేస్టారూ" అన్నాడు మెల్లగా.

అలాగే పిలవమన్నాను. మొహమాటపడి ఇంకా పిలవలేదు. మిగతావాళ్లు కూర్మా అనే అంటున్నారు.