చెవులాయన తీసేసిన చప్పుడు

ఊరి బడిలో ఏడో తరగతితో చదువు ఆపేసినా, రికార్డింగు పనిలో ఆయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఉపన్యాసకుల దగ్గు తీసేశాడు. పెద్ద గాయకుడి ఎగశ్వాస తీసేశాడు. నాటకం మధ్యలో ఏడ్చిన పసిబిడ్డ గొంతును కన్నతల్లికి కూడా దొరక్కుండా మాయం చేశాడు. అందుకు వచ్చిన వెండి కప్పు అలమరలో ఉంది, అడగకపోయినా చూపిస్తాడు. అందరూ చెవులాయన అంటారు. ఆయనకూ ఆ పేరే ఇష్టం.

అందుకే మేనకోడలూ, ఆమె మొగుడూ తమ మెటల్ రాక్ పాటల ఆల్బమ్‌ను ఆయన దగ్గరికే తెచ్చారు. గిటార్లు రంపాల్లా కోస్తాయి. ఆమె కాసేపు జోలపాడినట్టు పాడి, అంతలోనే గొంతు చించుకుంటుంది. కథంతా ఒకటే: ప్రేమించినదాన్ని వదలలేక, బతికుండగానే సమాధి కట్టి, పక్కనే కాపలా పడుకున్నవాడి గోడు. రాసింది అల్లుడు.

"ఇదేం ప్రేమరా నాయనా! పిల్ల ఊపిరాడక చస్తుంటే వీడు పాటలు పాడతాడా?"

"ఇష్టం ముదిరితే అంతే మామయ్యా. మీ కాలంలో ఉత్తరాలు రాసి ఊరుకునేవాళ్లు," అన్నాడు అల్లుడు.

"ఊరుకున్నానో లేదో మీ అత్తయ్యనడుగు!"

మేనకోడలు నవ్వలేదు.

ఆఖరి పాటకు ఒక కేక కావాలి. ఎన్నిసార్లు అరిచినా అల్లుడికి నచ్చలేదు. "నేను చెప్తా ఉండండి," అని ఆమె పాడే గాజు గది తలుపు వైపు వెళ్లాడు. ఆ తలుపు చెవులాయన కూర్చున్న చోటికి కనపడదు. లోపల దీపం ఆరింది. అప్పుడొచ్చింది కేక.

చెవులాయన ఒళ్లు జలదరించింది. చేతులు మాత్రం పని మానలేదు. కేకకు ముందు టక్కుమని ఏదో చప్పుడు, దాన్ని అక్కడికక్కడే తీసేసి, "శభాష్! ఇన్నేళ్లలో ఇలాంటిది పట్టలేదు," అన్నాడు మైకులో.

అల్లుడు దీపం వేసి, తలుపు తీసి, సిగరెట్టుకని బయటికి పోయాడు. మేనకోడలు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"అంత నటన ఎక్కడ నేర్చావే తల్లీ?"

"నటన కాదు మామయ్యా. లైటు తీసేసి బయట గడియ పెట్టాడు."

పిల్లలు మైకులు లాగకుండా ఆ గడియ బిగించింది చెవులాయనే.

"పాట కోసమేమోలే..."

"ఇంట్లో పాట లేదుగా? ఆఫీసుకెళ్తూ గడియ పెట్టే వెళ్తాడు. నేను లేకపోతే బతకలేడట."

చెవులాయన మీటల వైపు తిరిగాడు. తీసేసిన ముక్క వెతికి వినిపించాడు. టక్. ఆమె భుజాలు ముడుచుకున్నాయి. ఆయన ఆ ముక్కను మళ్లీ కేక ముందు అతికించాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని గాజు గది గడియ ఊడదీశాడు. మరమేకు ఒకటి జారి ఎటో దొర్లింది. వెతకలేదు.

వీధిలో బండి హారను మోగింది. "ఎంతసేపు? రా!"

"వస్తుంది ఉండవయ్యా," అని అలవాటుకొద్దీ కేకేసి, నాలుక కరుచుకున్నాడు.

ఆమె లేచి వీధి తలుపు దాకా నడిచింది.

ఆమె తలుపు తీయలేదు. లోపలి గడియ తానే వేసి, దానిమీద చెయ్యి అలాగే ఉంచింది.

"అత్తయ్య ఇంట్లోనే ఉందా మామయ్యా?"

"ఉంది. ఇంట్లోకి వెనక గుమ్మం తీసే ఉంది, పద."

హారను ఆగలేదు.