కాచి చల్లార్చిన చేపలు

నీళ్ళలో ఉన్న చేపలకు ఊపిరాడకుండా చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ ఘనకార్యంతో నా ఉద్యోగానికి ఏ గతి పట్టిందో కూడా దాచకుండా చెబుతాను.

అరవైల్లో మాట. బిట్రగుంట రైల్వే ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. పైన ఫ్యాను, కింద కుర్చీ, జన్మకు ఇంకేం కావాలి? కావలసిందల్లా పర్మనెంటు కాగితం మీద మా ఫోర్‌మన్ గారి సంతకం. ఆయనకు పిల్లల్లేరు. మద్రాసు నుంచి తెప్పించుకున్న నాలుగు ఎర్రచేపలే ఆయన సంతానం. వారం రోజులు సెలవు మీద వెళుతూ, గాజుతొట్టెతో సహా వాటిని నా గదికి చేర్పించారు.

"నీళ్ళు శుభ్రంగా ఉండాలయ్యా. నేనొచ్చేసరికి నాలుగూ కళ్ళబడాలి. నీ కాగితం సంగతి అప్పుడు చూస్తా" అన్నారు.

ఆ ఏడు కాలనీలో కలరా భయం. ఇంటింటా నీళ్ళు కాచి, చల్లార్చి, మూతపెట్టుకుని తాగుతున్నాం. అలాంటిది ఫోర్‌మన్ గారి బిడ్డలకు పచ్చి బావినీళ్ళు పోస్తానా? సాయంత్రమే అండా నిండా నీళ్ళు కళపెళ కాచి, తెల్లారేసరికి చల్లార్చి, వడకట్టి, పాతనీళ్ళు తీసేసి, అల లేవకుండా మెల్లగా తొట్టెలోకి జారవిడిచాను. దుమ్ము పడకుండా పైన పళ్ళెం కూడా బోర్లించాను. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నేను ఆరోగ్యం నేర్పబోయాను.

కాసేపటికి నాలుగూ పైకి తేలి నోళ్ళు తెరవడం, మూయడం మొదలెట్టాయి. పాపం, ఆకలి కాబోలని మరమరాలు వేశాను. ఒక్కటీ ముట్టలేదు. అప్పుడే జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చి కాలనీలో అమ్మే పోలమ్మ వీధిలో కేక వేసింది. పరుగున వెళ్ళి పిలుచుకొచ్చాను.

"ఇవెందుకక్కా ఇట్ల నోళ్ళు తెరస్తా ఉండాయి?"

గంప దించి తొంగిచూసింది. "నీళ్ళకేం చేసినావు నాయనా?"

"కాచినా."

"ఏంటికి?"

"జబ్బులు రాకుండా."

నన్ను ఎగాదిగా చూసింది. "మేం చచ్చినాక ఉడకేస్తాం. నువ్వు బతికుండంగానే మొదలుబెట్టినావా?"

"చల్లారినాకే పోసినా గదక్కా."

"కాస్తే నీళ్ళలో ఉండే గాలంతా పోయె. పైన మూత గూడానా? మా అమ్మగారి ఊర్లో చేపపిల్లల్ని కుండల్లో మోసేవాళ్ళు దారి పొడుగునా కుండ కుదపతానే ఉంటారు. నీళ్ళు కదిలితేనే గాలి దిగేది. చెంబు తీసుకో. ముంచి, పైకెత్తి పొయ్యి. ఆపొద్దు."

కుర్చీ ఎక్కి, కాఫీ హోటలువాడు కాఫీ తిరగపోసినట్టు తొట్టెలో నీళ్ళు తొట్టెలోకే ఎత్తిపోయడం మొదలెట్టాను. ఒక్కొక్క చేపా కిందికి దిగింది. చెయ్యి లాగుతోందని ఆపితే మళ్ళీ అన్నీ పైకొచ్చాయి. మధ్యాహ్నమైంది. భోజనం లేదు, పంచె తడిసి ముద్దయింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఒక్క చేప పోయినా ఉద్యోగం లేకుండా ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

సరిగ్గా అప్పుడే, సెలవు కుదించుకుని వచ్చేసిన ఫోర్‌మన్ గారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమయ్యా, ఎవరికి అభిషేకం?"

చెంబు ఆపకుండానే మొత్తం చెప్పేశాను. అబద్ధం ఆలోచించే తీరిక లేదు మరి. ఆయన నన్ను వదిలేసి చేపలను లెక్కపెట్టారు. నాలుగూ ఉన్నాయి. తొట్టె ఎత్తించుకుని వెళ్ళిపోయారు.

వారానికి కాగితం వచ్చింది. పర్మనెంటు. ఎగిరి గంతేసి, దిగాక రెండో వరుస చదివాను. ఇంజన్ల షెడ్డుకు బదిలీ. ఆయన గదికి పరుగెత్తాను.

"షెడ్డులోనా సార్? నేను గుమాస్తాను కదా."

"నీళ్ళు కాచేదాంట్లో నీకుండే శ్రద్ధ ఆఫీసులో పాడు చెయ్యగూడదయ్యా. అక్కడ ఇంజన్లు పొద్దస్తమానం అదే పని చేస్తా ఉంటాయి. నువ్వెంత కాచినా చచ్చేవాళ్ళెవరూ లేరు."

మర్నాడే ఆ బొగ్గుపొగలో నిలబడి, మసి చేతిని గుండెల మీద వేసుకుని శపథం చేశాను. ఈ జన్మలో పై అధికారి చేపలను చేపల్లాగే చూస్తాను గానీ, పొరపాటున కూడా ఆయన బిడ్డల్లా చూసుకోను.