‘కొండకింది దారి’లో ఐదో గది

అప్పుడు దాచిన మాట ముందే చెప్పేస్తాను. 2011లో మా పత్రికలో అచ్చయిన ‘కొండకింది దారి’ అనే సాహసంలో ఐదో గది, అంటే చివరి గది, లచ్చిరాం రాసింది కాదు. అది నేను రాశాను. కింద పేరు మాత్రం అతనిదే ఉంచాను.

ఆ రోజుల్లో జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో నాకు డీటీపీ దుకాణం ఉండేది. కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి, పేజీలు కట్టి, అచ్చుకు సిద్ధం చేసే పని అది. పెళ్లి కార్డులు, బడి ప్రశ్నపత్రాలు చేసేవాణ్ని. ఆ ఏడాది మాత్రం అన్నిటికంటే ఎక్కువగా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కరపత్రాలే చేశాను. దీక్షా శిబిరం నుంచి ఎవరో ఒకరు రోజూ చేతిరాత కాగితం పట్టుకుని వచ్చి, పక్కన నిలబడి కూర్పించుకుని పోయేవారు.

దీనికి తోడు రెండు నెలలకొకసారి ఒక చిన్న పత్రిక తెచ్చేవాణ్ని. అది రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడేవాళ్ల కోసం. ఈ ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఐదారుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, అతను గేమ్ మాస్టర్. మిగిలినవాళ్లు ఒకరు మంత్రగాడు, ఒకరు విలుకాడు, ఇలా తలా ఒక వేషం తీసుకుని, తామేం చేస్తారో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. గేమ్ మాస్టర్ చేతిలో ఉండే కథే సాహసం. ఏ గదిలో ఏముంది, తలుపు తీయగానే ఏమని చదివి వినిపించాలి, అన్నీ అందులో ఉంటాయి. మా పత్రికలో ప్రతి సంచికకూ ఒక సాహసం వేసేవాళ్లం. వేసేముందు ప్లేటెస్ట్ చేయాలి. అంటే రాసినవాడు కాక వేరే జట్టు దాన్ని ఒకసారి ఆడి చూడాలి. ఆ నియమం పెట్టింది నేనే.

లచ్చిరాం భూపాలపల్లి బొగ్గుగనిలో కార్మికుడు. సొంతూరు నెల్లికుదురు దగ్గర ఒక తండా. కాలనీలో ఎవరో ఇంజనీరు నేర్పితే ఈ ఆట నేర్చుకున్నాడు. ఆ ఉద్యమం కోసం జరిగిన సమ్మెలో గనులు మూతపడ్డాయి, బస్సులు కూడా ఆగిపోయాయి. అతను బండి మీద తండాకు పోతూ, అంత చుట్టు తిరిగి నా దుకాణానికి వచ్చి పన్నెండు పేజీల చేతిరాత నా ముందు పెట్టాడు.

“గనిల పని బందయింది గదన్నా. చేతులు ఊకుంటలెవ్వు. రాసిన.”

అక్కడే తిరగేశాను. కథంతా ఒక గుహలో. అందులో రాక్షసులు తక్కువ. భయమంతా పైకప్పుతోనే. ప్రతి గదిలో అడుగుపెట్టే ముందు ఆడేవాళ్లు చేతికర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి మోత వస్తే పోవచ్చు. డొల్ల మోత వస్తే వెనక్కి రావాలి. గనిలో వాళ్లు రోజూ చేసే పని అదేనట. ఐదో గదిలో ఒక మనిషి నడుము దాకా రాళ్ల కింద పడి ఉంటాడు. “యాడీ” అని పిలుస్తుంటాడు. రాళ్లు లాగితే కప్పు కూలుతుంది. పక్కన కూర్చుని నీళ్లు తాగిస్తే తన పేరు చెబుతాడు, తల్లికి చేర్చమని ఒక మాట చెబుతాడు, ప్రాణం విడుస్తాడు. అంతే. నిధి లేదు.

“ఏంది లచ్చిరాం, ఆఖరి గదిల కత్తి దూసే పనే లేదు? ఆడెటోళ్లు ఏం చెయ్యాలె మరి?”

“కూసోవాలె.”

నాకు నవ్వొచ్చింది. “మా శీనుగాడు ఆర్నెల్ల సంది మంత్రగాని వేషం కడుతుండు. గుహంత దాటి పోయి ఊకె కూసోమంటే నా దుకాణం తగలబెడతడు.”

“బీమా చేపిచ్చుకో అన్నా,” అని అతనూ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. “మా పెద్దన్న భీక్యా. మూడేండ్ల కింద ఓ గనిల కప్పు కూలితే కింద పడ్డడు. రెండు గంటలు మాట్లాడిండట. అవతలున్నోళ్లు ఇన్నరు గని దగ్గరికి పోనీకి తొవ్వ లేకుండె. ఒక్కడే పోయిండు. గీ ఆటలనన్న ఎవరో ఒకరు పక్కన కూసోవాలె అన్నా. గందుకే రాసిన.”

“ఇడిసిపెట్టు, నేను చూసుకుంట,” అన్నాను.

చూసుకున్న తీరు ఇది. సంచిక ఆలస్యమవుతోంది. సమ్మె వల్ల జట్లు కూడడం లేదు. ప్లేటెస్ట్ పెట్టలేదు. చివర పోరాటం లేకపోతే హైదరాబాద్ పాఠకులు పెదవి విరుస్తారనుకున్నాను. రాళ్ల కింది మనిషిని తీసేసి అక్కడ ఒక శవపిశాచాన్ని పెట్టాను. కప్పు కొట్టి చూసే భాగం సాగుతోందని సగానికి పైగా కోసేశాను. సంచిక ఆలస్యమన్నది సాకు మాత్రమే. బొగ్గు తవ్వేవాడికి కథ నడపడం ఏం తెలుసు అనే చిన్నచూపు నాలో ఉండింది. ఆ మాట నాతో నేను కూడా అనుకోలేదు, అంతే.

ఇంకొకటి చేశాను. “యాడీ” అన్న పిలుపును మాత్రం కొట్టేయలేదు. వినడానికి కొత్తగా ఉందని దాన్ని పిశాచం అరుపుగా మార్చాను. ‘చీకట్లోంచి యాడీ, యాడీ అంటూ ఒక వికృతమైన కేక’ అని రాశాను. ఆ మాటకు అర్థం తెలియక చేసిన పని కాదు. నేను చదివింది దేవరుప్పుల బడిలో. నా బెంచీ మీద తండా పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఒకసారి గోడ దూకుతూ చెయ్యి విరగ్గొట్టుకుని, సార్లు వచ్చేదాకా ఆ మాటే పిలుస్తూ ఏడ్చాడు. తండా భాషలో యాడి అంటే అమ్మ అని నాకు అప్పటినుంచీ తెలుసు. ఆ వారమే, అదే కంప్యూటర్ మీద, మన యాసను సినిమాల్లో ఎగతాళి చేశారని మండిపడే కరపత్రం కూడా కూర్చాను. రెండింటికీ పొంతన లేదని నాకు తట్టలేదు.

సమ్మె ముగిశాక లచ్చిరాం మళ్లీ వచ్చాడు. చేతిలో మా సంచిక ఉంది. కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు.

“కూసో లచ్చిరాం. చాయ్ చెప్పాల్నా?”

“వద్దన్నా. మానుకోట పోయొస్తున్న.” మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటాం. “ఆడ మన జట్టోళ్లు నా సాహసం ఆడుతున్నమని పిలిశిండ్రు. రాసినోడని ముందు కుర్చీల కూసోబెట్టిండ్రు. నేను అచ్చయింది అప్పటిదాక చూడనే లేదు. ఐదో గది తలుపు తీశిండ్రు. ఆట నడిపెటోడు యాడీ అని చదివిండు. నరుకు నరుకు అని అందరు లేశిండ్రన్నా. పాచిక మంచిగ పడ్డదని చప్పట్లు కొట్టిండ్రు.”

నేను కౌంటర్ మీది కాగితాలు సర్దాను.

“ఎవరు మార్చిండ్రన్నా?”

“ప్లేటెస్ట్ చేసినోళ్లు,” అన్నాను. “ఆఖర్ల కొట్లాట లేకుంటే ఆట నిలబడదన్నరు.”

“ఏ ఊరోళ్లు?”

“హైదరాబాద్ పోరగాండ్లు. నీకు తెల్వదు.”

అతను సంచికను కౌంటర్ మీద పెట్టాడు. “ఆళ్లకు యాడి అంటే ఏందో తెల్వదు కావచ్చు తియ్యన్నా. తెలిస్తే గట్ల రాయరు.”

నేను తల ఊపాను.

తర్వాతి సంచికలో ఇంకో తప్పు చేశాను. చివరి గది నాసిగా ఉందని, ఎక్కడా లేనట్టు పిశాచాన్ని తెచ్చి పెట్టారని ఇద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారు. ‘రచయితకు ఇది తొలి ప్రయత్నం, మునుముందు మెరుగుపడతారు’ అని సంపాదకుడిగా జవాబిచ్చాను. లచ్చిరాం మళ్లీ ఏమీ పంపలేదు. ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. రాష్ట్రం వచ్చింది. పత్రిక ఆగిపోయింది.

పోయిన ఏడాది హన్మకొండ నుంచి నలుగురు ఆటగాళ్లు వచ్చారు. మా పత్రికలోని పాత సాహసాలను పుస్తకంగా వేస్తామన్నారు. ప్రతి దాన్నీ మళ్లీ ఒకసారి ఆడి చూసి, ఇప్పుడెలా ఉందో ఒక చిన్న మాట రాసివ్వమని నన్ను అడిగారు. పెళ్లి కార్డుల నమూనాలు దాచిన పెట్టెలో వెతుకుతుంటే లచ్చిరాం పన్నెండు పేజీలు దొరికాయి. అచ్చయిన సంచిక పక్కన పెట్టుకుని చదివాను. అచ్చు పక్కన పెట్టేసి, అతను రాసినదాన్ని రాసినట్టే ఆడిద్దామనుకున్నాను.

మా బట్టల కొట్టు శీనును, ఇంకో ముగ్గురిని పిలిచాను. శీను జుట్టు నెరిసింది కానీ మంత్రగాని వేషం వదల్లేదు. నాలుగు గదుల దాకా వాగుతూనే ఉన్నాడు. “మంత్రాలన్ని నేర్చుకొని గిట్ల కర్రతోని కప్పులు కొట్టుడేందిరా,” అని నవ్వించాడు. ఐదో గదిలో రాళ్ల కింద మనిషి ఉన్నాడని చదివాను.

“పాచికలెయ్యాల్నా?” అన్నాడు శీను.

“వద్దు.”

“అయితే కర్ర కింద పెట్టి పక్కన కూసుంట. నీళ్లు తాపుత.”

రాళ్ల కింది మనిషి తన పేరు భీక్యా అని చెప్పి, తల్లికి చేర్చమనే మాటలు చదివాను. పూర్తయ్యాక శీను చాలాసేపు పాచికలు డబ్బాలో వేస్తూ తీస్తూ ఉన్నాడు.

“అప్పట్ల అచ్చయినంక మనం ఆడింది గిది కాదు గదరా. ఎవడు మార్చిండు?”

“నేనే.”

“లచ్చిరాంకు ఎరికేనా?”

“తెల్వదు.”

“మరి నాకెందుకు చెప్తున్నవ్?”

ఇన్నేళ్ల పనిలో నా చేతి మీదుగా వందల మంది రాతలు పోయాయి. బాగా రానివాటిని దిద్దడం తప్పు కాదు. కానీ ఒక వాక్యాన్ని కొట్టేసేముందు దాని మీద ఏం నిలబడి ఉందో రాసినవాణ్ని అడగాలి. లచ్చిరాం ఆ పన్నెండు పేజీల్లో చెప్పింది కూడా అదే. కొట్టి చూడు, విను, ఆ తర్వాతే అడుగు వెయ్యి. నేను వినకుండానే నడిచాను. కూలింది నా మీద కాదు.

మర్నాడే భూపాలపల్లి పోయాను. లచ్చిరాం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, క్వార్టర్ ముందు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

“రా అన్నా. ఏంది గింత దూరం? ఏమన్న పరేషానా?”

సంచిలోంచి అతని పేజీలు తీసి చేతికిచ్చాను. పై పేజీని వేలితో నిమురుతూ, “గివి ఇంకున్నయా?” అన్నాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చున్నాను.

“లచ్చిరాం, ఐదో గది మార్చింది హైదరాబాదోళ్లు కాదు, నేను. ప్లేటెస్టే కాలే. నీకు అబద్ధం చెప్పిన. యాడి అంటే ఏందో నాకు ఎరికే, ఎరికుండే పిశాచం నోట్ల పెట్టిన. నాసిగ రాసింది నేను, మాట పడ్డది నువ్వు. పుస్తకంల నీది నీ లెక్కనే అచ్చయితది, నేను చేసిన తప్పు గూడ నా పేరు మీదనే అచ్చయితది. మీ అన్న దగ్గర కూసోనీకి వచ్చినోళ్లను నేను అడ్డుకున్న. నన్ను మాఫ్ చెయ్యి.”