గంటా పావు ప్రయాణం

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు విమానంలో గంటా పావు. ఫోన్‌లో ఆ మాట చూసినప్పటి నుంచి నాకు కాలు నేల మీద ఆగలేదు. నా మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ, బెంగళూరులో మధ్యాహ్నం మూడింటికి. విమానం పొద్దున పదింటికి. పదకొండుంబావుకల్లా అక్కడ దిగుతాను, ఇంకా బోలెడు సమయం మిగులుతుందని ఇంట్లో వేళ్లు మడిచి లెక్క చెప్పాను.

మా నాన్న నా వేళ్ల వైపు చూడలేదు. "ఇల్లెప్పుడు దాటుతవ్?" అన్నాడు.

మాది అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట. గెల కోశాక ఎంత త్వరగా ఫ్యాక్టరీకి చేరిస్తే అంత మంచిది, ఆలస్యమైతే నూనె చెడిపోతుంది. అందుకే మా నాన్నకు ఏ ప్రయాణమైనా చెట్టు దగ్గరే మొదలవుతుంది. తోట నుంచి ఫ్యాక్టరీకి ట్రాక్టర్ మీద అరగంటే కదా అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది. కోత, మోత, బండికెత్తడం, గేటు ముందు వరుస, అన్నీ కలపాలంటాడు. ఆయన గెలలు ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్లలేదని చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

"ముందురోజు పొద్దుగాల్నే పో బిడ్డా. గెల కోసినకాడ్నుంచి లెక్కెయ్యాలె, ట్రాక్టర్ ఎక్కినకాడ్నుంచి కాదు."

"నేనేమన్నా పామాయిల్ గెలనా నాన్నా, చెడిపోనీకి? అంత ముందుగాల పోయి హైదరాబాద్‌ల ఏడ కూసోవాలె?"

నా మాటే నెగ్గింది. ఇంట్లో నెగ్గడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అదో జబ్బు.

ముందురోజు రాత్రి బస్సెక్కాను. ఏడు గంటల్లో చేరాల్సిన బస్సు. దారిలో లారీ బోల్తా పడి రోడ్డు మూసుకుపోవడంతో నగరం అంచుకు చేరేసరికే ఎనిమిదిన్నర అయింది. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరికి పరుగెత్తేసరికి తొమ్మిదీ నలభై. మూసేశామని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఇక సీటు దొరికేది సాయంత్రం విమానంలోనే అంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఇంకో రోజు కుదరదన్నారు. అమ్మ కట్టిచ్చిన పులిహోర అక్కడే కూర్చుని తిని, తిరుగు బస్సెక్కాను.

ఇంటికి వచ్చాక నాన్న "తిన్నవా?" అన్నాడు. అంతే. 'నేను చెప్పలేదా' అంటాడేమోనని రెండు రోజులు చూశాను. అంటే పోట్లాడటానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అనలేదు.

మూడో రోజు ఆయనకు అన్నం క్యారేజీ తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మా ట్రాక్టర్ ట్రాలీ వెనక నా స్కూటీ ఆపుతుంటే అవతలి వైపు నుంచి తోటి రైతుల మాటలు వినిపించాయి.

"ఏందన్నా, పాపకు విమానం అందలేదంట? గిప్పటి పిల్లలకు టైమంటే లెక్కనే లేదు."

"పాప తప్పేం లేదు," అన్నాడు మా నాన్న. "ముందురోజే పోతనన్నది. నేనే ఆపిన. గెలలు కోయించుకుంట లేటు చేసిన."

"నువ్వా? నువ్వు లేటు చేసినవా?" అందరూ నవ్వారు.

"అవ్, నేనే."

క్యారేజీ పట్టుకుని ట్రాలీ వెనకే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. ఆ రోజు కూడా వరుసలో మొదటి ట్రాక్టర్ మాదే.