దాచిన తాళంచెవి

తాళంచెవి లేకుండా తెరుచుకునే కార్లు కొత్తగా వచ్చిన రోజులవి. టెక్కలి మిత్రుణ్ణి అడిగి తెచ్చుకున్న కారును సోంపేట దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో ఆపి, కాసేపు తిరిగొచ్చేసరికి బ్యాటరీ దిగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. నా రైలు టిక్కెట్టు లోపలుంది. చివరికి రిమోటులో దాగిన చిన్న తాళంచెవిని లాగి తలుపు తీశాను.

ఎండుచేపలు తిరగేస్తున్న ముసలమ్మ వింతగా చూసింది. "అందులో దాసినట్టు ఎవులికి తెలుసు, బాబూ?"

"నాకూ, మా మిత్రుడికీ."

"అంతేనా! మా ఇంటి తాళం సూరులో దాసి, ఈదందరికీ సెప్తాం."

"అందరికీ చెప్పాక దాచడమెందుకు?"

"పారేసుకోకుండా!"

కారు కదల్లేదు. మర్నాడు మిత్రుడొస్తాడని చెప్పి, రిమోటు ఆమెకే ఇచ్చి ఆటో ఎక్కాను. వెనక నుంచి ఆమె కేక వీధంతా వినిపించింది: "కారు తాళం మా సూరులో ఎట్టినానర్రా!"