తప్పిపోయినవాళ్ళను పిలిచిన అక్క

అక్క పోయిందని నాకు అక్క ఫోన్ నుంచే తెలిసింది.

ఆ మధ్యాహ్నం నేను లైవ్‌లో ఉన్నాను. ఎల్బీ నగర్‌లో మేం కిరాయికుంటున్న ఇంట్లో ముందు గదే నా చీరల దుకాణం. గోడకు తెల్ల గుడ్డ, రెండు లైట్లు, స్టాండుకు బిగించిన ఫోన్, అంతే. వంకాయ రంగు చీర కొంగు విప్పి కెమెరాకు దగ్గరగా చూపిస్తున్నాను. కింద కామెంట్లు పోతున్నాయి. ధర ఎంత అని ఒకరు, జాకెట్ ముక్క వస్తుందా అని ఒకరు, ఆకుపచ్చలో ఉందా అని ఇంకొకరు. వాటి మధ్య అక్క పేరు, అక్క ఫొటో. పక్కన ‘అమ్మ పొద్దున చనిపోయింది’ అని ఉంది. రెండోసారి చదివేలోపు వేరే కామెంట్లు వచ్చి దాన్ని పైకి తోసేశాయి.

అక్క తల్లి పోయి చాలా ఏళ్ళయింది. రాసింది అక్క కాదని, అక్క ఫోన్ పట్టుకున్న ఆమె బిడ్డ అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఆ కాసేపూ కొంగు పట్టుకుని అదే ధర నాలుగుసార్లు చెప్పానట. చూసినవాళ్ళు తర్వాత చెప్పారు.

మాకు చుట్టరికం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, రోడ్డు పక్కనే ఉన్న నాలుగంతస్తుల షాపింగ్ మాల్‌లో నేను బిల్లింగ్ పనికి చేరాను. నా కౌంటర్ పక్క బల్ల మీద మైకు పెట్టుకుని కూర్చునే ఆమెను అందరూ మైకక్క అనేవారు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి పట్నం వచ్చింది. బిడ్డ బడికి పోయే వయసులోనే భర్త చనిపోతే, ఆ మైకు మీదే బిడ్డను చదివించింది, వనస్థలిపురంలో చిన్న ఇల్లు కట్టుకుంది.

మైకులో ఆమెది ఒక భాష, మైకు ఆపితే ఇంకో భాష. ‘దయచేసి గ్రౌండ్ ఫ్లోర్ కౌంటర్ వద్దకు రావలసిందిగా కోరుతున్నాము’ అని వార్తలు చదివినట్టు చెప్పి, బటన్ నొక్కేసి నా వైపు తిరిగి, “తిన్నవానె? ఏం కూర?” అనేది. పై అంతస్తులో ఆ గొంతు విన్నవాళ్ళు కిందికొచ్చి, నూలు చీర కట్టుకుని చెవిలో దూది పెట్టుకున్న ఈ మనిషిని చూసి, అనౌన్స్ చేసినావిడ ఎక్కడని ఆమెనే అడిగేవారు.

దసరాకు పది రోజుల ముందు నుంచి మాల్‌లో కాలు పెట్టే చోటుండేది కాదు. నల్గొండ, ఇబ్రహీంపట్నం వైపు కుటుంబాలు పొద్దున్నే బస్సు దిగేవి. తాతకు పంచె నుంచి చంటిపిల్ల గౌను దాకా అందరివీ ఒకేచోట కొనుక్కుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర వెనక మెట్ల మీద కూర్చుని తిని, పొద్దు గూకకముందే వెళ్ళిపోయేవారు. అంత జనంలో రోజూ ఎవరో ఒకరు తప్పిపోయేవారు. పిల్లలే కాదు, ముసలమ్మలు, కొత్త పెళ్ళికూతుళ్ళు కూడా. అక్క పిలిచేది. వాళ్ళు దొరికేవారు.

“తప్పిపోయినోళ్ళకు తప్పిపోయినమని తెల్వది. పిలిస్తెనే తెలుస్తది” అనేది అక్క. అప్పుడు అది నాకు తమాషా మాటలా అనిపించేది.

నాకు అప్పట్లో గొంతు పెగిలేది కాదు. బిల్లు మొత్తం చెప్పినా కస్టమర్ రెండోసారి అడగాల్సిందే. మాది నాదర్‌గుల్. శిక్షణ విమానాలు రోజంతా మా ఇంటి మీద తిరిగేవి. అది తెలిసి, విమానాల మోతలో పెరిగినదానివి ఇంత చిన్నగ ఎట్ల మాట్లాడుతవని అక్క నవ్వింది. భోజనం వేళ నన్ను వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, తను ఒక అంతస్తు పైన నిలబడి, చీరల ధరలు చదవమనేది. అరవకూడదు, కానీ పైన తనకు వినపడాలి. మైకు ముందు ఏడవకూడదు, నవ్వకూడదు, వినేవాళ్ళకు గొంతే మొహం అని చెప్పేది. ఈ రోజు నేను ముఖం తెలియనివాళ్ళకు మాట చెప్పి చీర అమ్ముకుంటున్నానంటే, అది ఆ మెట్ల మీద నేర్చుకున్నదే.

ఇప్పుడు ఇంకొకామె సంగతి చెప్పాలి. నేను చేరకముందే, ఒక దసరా ముందు రోజు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన భార్యాభర్తలు మా మాల్‌కు వచ్చారు. ఆమె మొదటి అంతస్తులో చీరలు చూస్తుంటే, ఆయన చొక్కా చూసుకుని వస్తానని మూడో అంతస్తుకు వెళ్ళాడు. మళ్ళీ కిందికి రాలేదు. అక్క ఆ రోజు ఎన్నిసార్లు పిలిచిందో తనకే గుర్తు లేదు. పోలీసులు కెమెరాలు చూశారు. ఆయన ఎస్కలేటర్ మీద మూడో అంతస్తుకు పోవడం ఉంది, దిగడం లేదు. వెనక మెట్లకు కెమెరా లేదు కాబట్టి అటు నుంచి వెళ్ళిపోయి ఉంటాడని రాసుకున్నారు. అప్పు లేదు, తగాదా లేదు, జబ్బు లేదు. మనిషి దొరకలేదు.

మరుసటి ఏడు అదే రోజు ఆమె వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి, ఒక్కసారి పిలవమని అక్కను అడిగింది. అక్క పిలిచింది. ఆ పై ఏడూ వచ్చింది. నేను చేరాక చూస్తే, అది పండగ పనుల్లో ఒకటైపోయింది. ఆమె మధ్యాహ్నం వస్తుంది. అక్క ఆయన పేరు చెప్పి, మీ భార్య కౌంటర్ దగ్గర ఎదురు చూస్తున్నారని మూడుసార్లు చెబుతుంది. ఆమె పావుగంట నిలబడి, అక్కకు దండం పెట్టి వెళ్ళిపోతుంది.

ఎందుకిట్ల అని ఒకసారి అక్కను అడిగాను. “నా మొగడు పోయిండని నాకు తెలుసు. చూసిన, ముట్టిన. గామెకు అది గూడ లేదు గద” అంది.

తర్వాత జనం తగ్గారు. ఒక్క ఏడాదిలో కాదు. ముందు పిల్లలు రావడం మానేశారు, వాళ్ళకు ఫోన్లో నచ్చినవే కావాలి. తర్వాత మగవాళ్ళు. చివరికి అత్తాకోడళ్ళు వచ్చి, చీర పట్టి చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవారు. అదే చీర ఫోన్లో తక్కువకు వస్తుందని మా ముందే చెప్పుకునేవారు. మెట్రో మా కిటికీల పక్కనుంచే పోయేది, జనం మాత్రం దిగేవారు కాదు. నాలుగో అంతస్తు మూసేశారు. మరుసటి ఏడు మూడోది. అక్కడి బట్టలన్నీ కిందికి దించి, లైట్లు తీసేసి, ఎస్కలేటర్‌కు అడ్డంగా తాడు కట్టారు. మనిషి అడుగు పెడితేనే కదిలే ఎస్కలేటర్ అది. లేకపోతే ఆగి ఉంటుంది.

పై అంతస్తుల్లో స్పీకర్లు మాత్రం తీయలేదు. బట్టలు ఉన్నన్నాళ్ళూ గొంతును బట్టలు పీల్చుకునేవి. అవి పోయాక, అక్క కింద ఒక మాట చెబితే ఒక్క క్షణం ఆలస్యంగా పై నుంచి అదే మాట వినిపించేది. అది అక్క గొంతే, కాని కొంచెం వయసైనట్టుండేది. అక్క మైకు ఆపి, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు తర్వాతిది చెప్పేది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆ రోజుల్లో నేను పైకి చూడటం మానేశాను.

చివరి దసరాకు కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డ మనిషి. ఆఫర్లు తప్ప మైకులో ఇంకేం చెప్పొద్దని, ముఖ్యంగా ఆ తప్పిపోయినాయన్ని పిలవొద్దని, వచ్చే నలుగురూ రారని అన్నాడు. పిలిస్తే ఉద్యోగం ఉండదని కూడా చెప్పాడు. అక్క తల ఊపింది. అప్పటికి బిడ్డ పెళ్ళి కుదిరి ఉంది.

దసరా ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి ఆమె వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. మాల్ మొత్తం మీద పదిమంది కస్టమర్లు లేరు. పాత అలవాటు కొద్దీ పక్కకు జరిగి, ఎవరూ లేని వరుసలో నిలబడింది. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి, “ఒక్కసారి పిలుస్తారాండీ? మీరు మూసేస్తారని అంటున్నారు. ఆయనకి తెలీదు కదండీ” అంది.

మేనేజర్ పది అడుగుల దూరంలో ఉన్నాడు. అక్క అతని వైపు చూడలేదు. మైకు దగ్గరికి లాక్కుంది. ఆయన పేరు చెప్పింది. మీ భార్య కౌంటర్ దగ్గర ఎదురు చూస్తున్నారంది. పై నుంచి ఆ మాట తిరిగి వచ్చింది. రెండోసారి చెప్పింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి చెప్పాక పై నుంచి ఏమీ రాలేదు.

స్పీకర్ పోయిందనుకున్నాను. అంతలో పైన ఏదో ఇనుము కదిలిన చప్పుడైంది. మా మాల్ మధ్యలో ఖాళీ, కౌంటర్ దగ్గర నిలబడితే పైదాకా అన్నీ కనిపిస్తాయి. మూడో అంతస్తు నుంచి దిగే ఎస్కలేటర్ నడుస్తోంది. ఖాళీ మెట్లు ఒకదాని వెనక ఒకటి చీకట్లోంచి వెలుగులోకి దిగుతున్నాయి. కింద కట్టిన తాడు సన్నగా వణికింది. అది ఆగింది. కొంచెం సేపటికి దాని కింద, రెండో అంతస్తుది కదిలింది. ఆ అంతస్తులో మా సేల్స్ అమ్మాయిలు ఇద్దరున్నారు, కాని ఇద్దరూ రెయిలింగ్ పట్టుకుని మాలాగే చూస్తున్నారు.

మేనేజర్ కూడా చూశాడు. ఎవరూ అరవలేదు. కింది ఎస్కలేటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత చూడటానికి ఏమీ లేదు.

ఆమె ఏడవలేదు. పవిట సర్దుకుంది. “వచ్చారండీ. ఇక వెళ్తాం” అని అక్కకు దండం పెట్టింది. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు, ఆమె బయటికి వెళ్ళాక కూడా కాసేపు అలాగే పట్టుకున్నాడు.

మెకానిక్ వచ్చి చూశాడు. సెన్సర్లలో దుమ్ము పేరుకుందని, కరెంటు ఎక్కువ తక్కువైతే అలా అవుతుందని చెప్పాడు. అయి ఉండొచ్చు. వారం తిరగకుండా మైకు బల్ల తీసేసి, ఎవరో అమ్మాయి చెప్పిన రికార్డింగ్ పెట్టారు. అక్కను మడతలు పెట్టే పనికి పంపారు. ఆమె మాల్ మూతపడేదాకా చీరలు మడతపెట్టింది. సంక్రాంతి నాటికి షట్టర్ దించేశారు.

నేను ఫోన్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టాక అక్క రోజూ చూసేది. ఒక్క కామెంట్ పెట్టేది కాదు. లైవ్ అయిపోగానే ఫోన్ చేసి, ధర చెప్పేటప్పుడు గొంతు కింద పడేస్తున్నానని, సిగ్గు పడొద్దని, ఊపిరి తీసుకోమని చెప్పేది. పోయిన నెల అలా ఫోన్ చేసినప్పుడే, ఎన్నాళ్ళ నుంచో ఆపుకున్నది అడిగాను. ఆ రోజు నిజంగా ఎవరైనా దిగారా అని.

 

“దిగిండో లేదో నాకెర్క లేదమ్మా” అంది అక్క. “గని గామె తలుపు దాటేటప్పుడు నువ్వు చూడలె. పక్కన ఒక మనిషికి జాగ ఇడిసి నడిసింది.”

మాల్ మూతపడ్డాక వచ్చిన దసరా ముందు రోజు అక్క ఒక్కతే పోయి మూసిన షట్టర్ ముందు నిలబడిందట. సాయంత్రం దాకా ఉన్నా ఆమె రాలేదు. ఆ తర్వాత అక్క పోవడం మానేసింది. చేసింది తప్పో ఒప్పో నాకు తెల్వదు గని, మళ్ళ అడిగితె మళ్ళ పిలుస్తనంది. నాతో మాట్లాడిన చివరి పెద్ద మాట అదే. ఆ రోజు పొద్దున ఛాతీలో నొప్పని లేచి, దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే పోయిందని బిడ్డ చెప్పింది.

దశదిన కర్మకు వనస్థలిపురం వెళ్ళాను. పాత మాల్ వాళ్ళం తొమ్మిది మందిమి వచ్చాం. యూనిఫాం చీరలు లేకపోయేసరికి ముందు ఒకరినొకరం గుర్తుపట్టలేదు. ఒకామె బాటసింగారం పండ్ల మార్కెట్‌లో తూకం చిట్టీలు రాస్తోంది. ఇద్దరు పార్సెళ్ళ గోదాములో చేస్తున్నారు. పండగ దగ్గర పడింది, మళ్ళీ అందరం ఒకచోట ఉన్నాం, ఎవరికీ అమ్మాల్సిందీ కొనాల్సిందీ లేదు.

విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు గేటు దగ్గర బండి ఆగింది. డెలివరీ అతను ప్యాకెట్ చేతిలో పట్టుకుని, ఫోన్ చూసి అక్క పేరు పిలిచాడు. ఇంటి పేరుతో సహా. ఎప్పుడో ఆర్డర్ పెట్టుకుంది కాబోలు. మా చేతులు విస్తళ్ళలోనే ఆగిపోయాయి. లోపల వినపడలేదనుకుని అతను కొంచెం గొంతు పెంచి మళ్ళీ పిలిచాడు.

వడ్డిస్తున్న బిడ్డ గరిటె కింద పెట్టి గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ పేరు గలవారు మీరేనా అని అతను అడిగాడు. బిడ్డ వెనక్కి తిరిగి ఒకసారి మా అందరినీ చూసింది.

“నేనే” అంది.

అతను ప్యాకెట్ ఇచ్చి వెళ్ళిపోయాడు. బండి సందు చివర మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. పప్పు అంటిన చేతులతో ప్యాకెట్‌ను గుండెకు ఆనించుకుని, విప్పకుండా.